దోమతెరలో దోసతీగ

"అక్కా! ఇంకొకటి రాలిపోయింది!"

తమ్ముడి కేక వినగానే తెలుసు చేతిలోని పుస్తకం మంచం మీద పడేసి బాల్కనీలోకి పరుగెత్తింది.

అవును, ఆ అమ్మాయిని అందరూ 'తెలుసు' అనే పిలుస్తారు. ఎవరు ఏం చెప్పబోయినా మధ్యలోనే "నాకు తెలుసు!" అనేస్తుంది మరి. పదేళ్లకే అన్నీ తెలిసిపోయాయి పాపం! అసలు పేరు స్కూలు రిజిస్టర్‌లో తప్ప ఎక్కడా వినిపించదు.

నాలుగో అంతస్తు బాల్కనీలో పాత బకెట్టు, అందులో మట్టి, మట్టిలోంచి గ్రిల్ మీదకు పాకిన కీరదోస తీగ. దాని మీద తెల్లటి దోమతెర. ఆ తెర లోపల, మట్టి మీద, చిటికెన వేలంత పిందె ఒకటి పసుపుపచ్చగా వాడిపోయి పడి ఉంది. ఈ వారంలో అది మూడోది.

తమ్ముడికి ఆరేళ్లు. మెట్ల మీంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. పాదం నుంచి తొడ దాకా కట్టు. బాల్కనీ తలుపు పక్కనే మంచం వేశారు. రోజంతా వాడికి ఆ తీగే లోకం. గాలికి దోమతెర ఉబ్బినప్పుడల్లా అది వాడికి తెరచాపలా కనిపించేది. ఇల్లంతా మెల్లగా ఆకాశంలోకి కదిలిపోతున్నట్టు ఉండేది.

"ఇవాళ మన పడవ ఎందాకా వెళ్లిందక్కా?" అని అడిగేవాడు.

"మూడో మబ్బు దాటింది రా" అనేది అక్క.

అలాంటి ఓ మధ్యాహ్నమే వాడికి మాటిచ్చింది. "నీ కట్టు విప్పే రోజుకి మొదటి కాయ నీ చేతిలో పెడతా. ఒట్టు!"

ఇక రెండు వారాలే ఉన్నాయి.

"ఎందుకు రాలిపోతున్నాయక్కా? నేను రోజంతా చూస్తున్నానని సిగ్గా వాటికి?"

"కాదు, నాకు తెలుసు. నీళ్లు చాలట్లేదు." తెలుసు తెర ఎత్తి మగ్గుతో నీళ్లు పోసింది. మరునాడు ఇంకో పిందె రాలింది. "నాకు తెలుసు. ఎండ ఎక్కువైంది" అని తువ్వాలు కట్టింది. సాయంత్రానికి మరొకటి పసుపెక్కింది. తమ్ముడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"మొక్కల క్లాసులో నర్సరీ ఆంటీని అడగొచ్చు కదే?" అంది అమ్మ.

"అందరి ముందూ ఎలా అడగనమ్మా? నవ్వుతారు!"

శనివారం ఉదయం లైబ్రరీ మేడ మీద మొక్కల క్లాసు. నేర్పేది నర్సరీ ఆంటీ. గోళ్ల నిండా మట్టి, నోటి నిండా కబుర్లు. ఆ రోజు కళ్లజోడు అబ్బాయి బ్యాగులోంచి రెండు కీరకాయలు తీసి చూపించాడు. అందరూ ఓహో అన్నారు.

"నీ తీగ ఎలా ఉందమ్మా?" అని ఆంటీ తెలుసుని అడిగింది.

"సూపర్ ఆంటీ! నాలుగు కాయలు!"

నోట్లోంచి జారిపోయింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

"శభాష్! అయితే మీ తమ్ముడికి ఇచ్చానన్న మాట నిలబెట్టుకున్నట్టే."

తెలుసుకి గోడ వైపు తిరిగి పడుకున్న తమ్ముడు గుర్తొచ్చాడు. కూర్చోబోయి మళ్లీ నిలబడింది.

"ఆంటీ... అబద్ధం చెప్పా. ఒక్క కాయ కూడా లేదు. పిందెలన్నీ రాలిపోతున్నాయి. ఎందుకో నాకు తెలీదు."

ఎవరూ నవ్వలేదు. కళ్లజోడు అబ్బాయి మాత్రం "నావీ మొదట్లో రాలాయి" అన్నాడు నెమ్మదిగా.

"పూల మీదకి తేనెటీగలు వస్తున్నాయా?" అడిగింది ఆంటీ.

"ఒక్క ఈగ కూడా రాదాంటీ! దోమతెర కప్పాను కదా. మీరే చెప్పారు."

ఆంటీ నుదురు కొట్టుకుంది. "అయ్యో తల్లీ! మొక్క చిన్నగా ఉన్నప్పుడు కప్పమన్నా. పూలు పూశాక తీసేయమనీ అన్నా. నువ్వేమో 'తెలుసాంటీ' అంటూ మెట్లు దిగి పారిపోయావ్. సగం మాట నీ వెంట వచ్చింది, మిగతా సగం ఈ మేడ మీదే ఉండిపోయింది!"

ఈసారి అందరూ నవ్వారు. తెలుసు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది.

తీగకి మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయని ఆంటీ చెప్పింది. ఆడపువ్వు వెనకే బుల్లి పిందె ఉంటుందట. మగపువ్వు పుప్పొడి దానికి అంటితేనే ఆ పిందె కాయవుతుందట. ఆ పని చేసేది తేనెటీగలు. అవి వచ్చేదాకా మెత్తటి బ్రష్షుతో మనమూ చేయొచ్చట. వింటుంటే తెలుసు నోరు రెండుసార్లు తెరుచుకుంది. రెండుసార్లూ మూసేసుకుంది. ఆంటీ ఆఖరి మాట అయ్యాకే కదిలింది.

మరునాడు పొద్దున్నే దోమతెర విప్పేసింది.

"మన పడవ!" తమ్ముడు ఏడుపు మొహం పెట్టాడు.

"పడవ ఆగితేనే కదరా చుట్టాలు ఎక్కేది!"

నాన్న వాడిని ఎత్తుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. అక్క పువ్వు చూపిస్తే తమ్ముడు బ్రష్షు తాకించాడు. వాడి వేళ్లకి పసుపు పొడి అంటింది. కింద రోడ్డు ఇంకా నిద్ర లేవలేదు. లేత ఎండ ఆకుల్లోంచి వాడి కట్టు మీద పడి అటూ ఇటూ ఊగింది.

మూడో రోజు ఓ తేనెటీగ వచ్చింది. జుమ్మని ఒక చుట్టు తిరిగి పువ్వులోకి దూరింది. అది పనంతా ముగించుకుని ఎగిరిపోయేదాకా అక్కాతమ్ముళ్లు ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.

కట్టు విప్పే రోజు ఉదయం తెలుసు ఒకే ఒక్క కాయని జాగ్రత్తగా కోసి తమ్ముడి చేతిలో పెట్టింది. జానెడు కూడా లేదు. పైగా ఒకవైపు లావు, ఒకవైపు సన్నం, మధ్యలో వంకర.

తమ్ముడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆనందం పట్టలేక కరకరమని కొరికాడు. నములుతూనే అడిగాడు.

"ఇది ఎందుకిలా వంకర తిరిగిందక్కా?"

తెలుసు నోరు తెరిచింది. ఒక్క క్షణం ఆగింది.

"తెలీదు రా. శనివారం ఆంటీని పూర్తిగా అడిగొచ్చి చెప్తా."