గడప తొక్కని నగరము

పోలండు పేరు దేశపటముల నుండి చెరిగిపోయి అరువదియారు సంవత్సరములు గడచినను, స్తారోగ్రోదు నగర నాటకశాలలో మాత్రము ఆ దేశమింకను ఊపిరి పీల్చుచుండెను. సర్కారు కచేరీలో రష్యను, బడిలో రష్యను. తన భాషను నలుగురిలో చెవులారా వినగోరిన పోలిషువాడు ఆ తెరముందు కూర్చుండవలసినదే.

ఆ యేట వార్సాలో ప్రార్థన చేయుచున్న జనముపై రష్యా చక్రవర్తి జారు సైనికులు తుపాకులు పేల్చిరి. నాటినుండి దేశమంతయు మైల పాటించినట్లు నల్లబట్టలు కట్టి, ఆటపాటలు మానినది. అట్టి సమయమున, జారు జన్మదినమునాటి మధ్యాహ్నము నాటకమాడి తీరవలెనని గవర్నరు ఆజ్ఞాపించెను. శాలకు పెద్దదిక్కైన వృద్ధనటుడు హిరోనిము, "ఆడెదము. ఖాళీ పీటలే మన జవాబు" అని నవ్వెను. పురజనులు నల్లబట్టలతో బయటి చౌకులో మౌనముగా నిలిచిరి.

అయ్యో, ఆజ్ఞలో రెండవ వాక్యమొకటి కలదు. దానిని శాల ధర్మకర్త ఎరాజ్ము గవర్నరు కొలువులో పదవికై దాచెను. వాడును పోలిషువాడే, కంచే చేను మేసిన కాపేమి చేయగలడు? తెర లేచిన పిదప వాడు హిరోనిము ఎదుట తాపీగా చదివెను: "మూడు గంటలకు సగము శాల నిండనిచో, ఇకపై అందు రష్యను నాటకములే."

"ఎరాజ్మా, నీ తల్లి నీకు జోలపాడిన భాష కదరా ఇది" అనెను హిరోనిము.

"నేను చదివితిని, అంతే" అనెను వాడు.

హిరోనిము వేషముతోనే మెట్లమీదికి పరుగెత్తెను. ఇరుప్రక్కల సైనికులు తుపాకులు పట్టి నిలిచియుండిరి. "లోనికి రండి. రాకున్న శాల మనది కాకుండ పోవును. మీ కాళ్లకు మ్రొక్కెదను, రండి" అని గొంతు చించుకొని వేడెను.

"పాపము, సైనికులు చెప్పించుచున్నారు" అనెను ఎవరో. ఆ మాట చౌకంతయు ప్రాకినది. ఎంత పిలిచిన అంత గట్టిగా జనము కన్నీటితో నిలిచిరి. ఎవరిని తిట్టుదుము? మూడు గంటలు కొట్టెను; తలుపులకు తాళము పడెను.

రొట్టెలమ్ము ముసలి అగాతా వచ్చి హిరోనిము చేయి ముద్దాడెను. "నాయనా, తుపాకులు చూపి నీచేత ఎన్ని మాటలనిపించిరి. అయినను మాలో ఒక్కరును గడప తొక్కలేదు. నీ పరువు నిలిపితిమి."

హిరోనిము ఆమె తల నిమిరెను.

"మంచిపని చేసితివి తల్లీ" అనెను.