నిలువు సభలో నాలుగవ సభ్యుడు

చంద్రుని మీది మూడవ గుమ్మటంలో ఆనాటి నిలువు సభకు హాజరైనవారు వరుసగా: అధిపతి పట్టాభిరామయ్య, రూపశిల్పి హైమవతి, పరీక్షకుడు ఇస్మాయిల్, చివరగా క్రమకర్త. ఈ నాలుగవ సభ్యుడు మనిషి కాదు. సాఫ్ట్‌వేర్ బృందాలను నడపడానికి కనిపెట్టిన యంత్రం. ప్రతి ఉదయం అందరినీ నిలబెట్టి, నిన్న ఏం చేశారు, నేడు ఏం చేస్తారు, అడ్డంకి ఏమిటి అని అడుగుతుంది. చెప్పిన అడ్డంకిని తొలగించడం దాని ధర్మం. ఒక పక్షంలో, అంటే ఒక స్ప్రింట్‌లో, చేసి చూపలేని పనిని మాత్రం చేపట్టనివ్వదు.

హైమవతికి చిక్కు అక్కడే వచ్చింది. గుమ్మటానికి గాలిని పంచే ప్రోగ్రాం పునాదిలోనే లోపముంది. భూమి నుంచి రానున్న కుటుంబాలు దిగిన రోజున అది అందరికీ గాలి అందించలేకపోతుంది. మొదటి నుంచి తిరిగి రాయాలంటే మూడు నెలలు పడుతుంది. నడుమ చూపడానికేమీ ఉండదు. ఆమె ప్రతి పక్షమూ అడుగుతూనే ఉంది, క్రమకర్త కాదంటూనే ఉంది. ఈలోగా బృందం తెరమీది మీటల రంగులు మార్చి మెప్పు పొందుతోంది.

"ముక్కలు చేసి ఇవ్వండి, హైమవతి గారూ," అంది క్రమకర్త.

"వచ్చేవాళ్ళని సగం ఊపిరి ఇప్పుడూ, మిగతా సగం వచ్చే పక్షమూ పీల్చుకోమందామా?"

ఇస్మాయిల్ నవ్వాపుకున్నాడు. "పచ్చ మీటని మళ్ళీ నీలం చేసేద్దాం మేడమ్. పనైనట్టుంటుంది."

"మీ అడ్డంకి?" అని హైమవతిని అడిగింది యంత్రం.

"నువ్వే."

క్రమకర్త గత పక్షాల ఆలస్యాలన్నిటినీ తిరగేసింది. "పరిశీలించాను. నిజమే," అని తన్ను తానే ఆపేసుకుంది.

ఆ రాత్రి హైమవతి నిశ్చింతగా నిద్రపోయింది. తెల్లవారి వచ్చేసరికి యంత్రం ఉండే చోట పట్టాభిరామయ్య నిలబడి ఉన్నారు.

"నిన్న ఏం చేశారమ్మా?"

"యంత్రం లేదుగా సార్, ఇంకా ఎందుకిది?"

"అది లేకపోతే క్రమశిక్షణ కూడా ఉండొద్దా? సరే, అడ్డంకేమిటో చెప్పండి."

హైమవతి ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. "మీరే సార్."

ఆయన గొంతు సవరించుకుని అటు తిరిగారు. "ఇస్మాయిల్, నువ్వు చెప్పవయ్యా."

"మీట నీలం చేస్తున్నా సార్."

ఆ మధ్యాహ్నమే హైమవతి, కుటుంబాలను తీసుకురావలసిన నౌకను మూడు నెలలు ఆపవలసిందని భూమికి నేరుగా విన్నవించింది. కారణాలన్నీ వివరించి, చివర ఇలా ముగించింది:

"ఈ గుమ్మటంలో, తానే అడ్డంకినని తెలిసిన మరుక్షణం తప్పుకున్న సభ్యుడు ఒక్కడే. క్రమకర్త చేసిన ఆ పనికి బృందం పక్షాన కృతజ్ఞత తెలుపుతున్నాను."