వెనక బండికి వేడిగాలి

2081 నాటికి మేడిగుట్టలో వేసవి పగళ్లు సర్కారు సొత్తు. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం అయిదు దాకా గడప దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. బస్సులు, ఆటోలు, చెత్తబండ్లు అన్నీ కరెంటువే. చప్పుడు చేయకుండా నీడ వెతుక్కుంటూ తిరుగుతాయి. కానీ మే నెల రెండో ఆదివారం మాత్రం చీటీ అడిగే నాథుడుండడు. ఆ రోజు ఊరు ఊరంతా గొడుగులు పట్టుకుని ఓపెన్‌కాస్టు గని అంచుకు చేరుతుంది.

బొగ్గు తవ్వడం ఆపేసి ముప్పై ఏళ్లయిన గుంత అది. నూట యాభై మీటర్ల లోతు, అడుగున గుండ్రటి రేసు బాట. ఇంధనం మండించే ఇంజన్లు దేశంలో ఇలాంటి పందేల్లోనే మిగిలాయి. అవి కూడా చెరకు పిప్పి నుంచి తీసిన ఆల్కహాలుతో నడుస్తాయి. పన్నెండు కార్లు, నలభై చుట్లు, నలభై తొమ్మిది డిగ్రీల ఎండ.

ఇంజన్ ఇంధనం తాగుతుందని అందరికీ తెలుసు. అంతకు ఎన్నో రెట్లు గాలి మింగుతుందని రేసు జట్లకే తెలుసు. చల్లగాలి చిక్కన. అదే సిలిండరులో ఎక్కువ ఆక్సిజన్ పడుతుంది, ఎక్కువ బలం పుడుతుంది. గాలి మరీ వేడెక్కితే ఇంధనం తన వంతు రాకముందే అంటుకుని లోపల సుత్తి దెబ్బల్లా టకటకమంటుంది. అది వినగానే కారులోని కంప్యూటరు హడలిపోయి బలం తగ్గించేస్తుంది. గాలిని కుదించే టర్బో ఆ వేడిని ఇంకా పెంచుతుంది. దించడానికి ఇంటర్‌కూలర్ ఉన్నా, బయటి గాలే కాలిపోతుంటే అది మాత్రం ఏం చేస్తుంది పాపం! జట్లు ఐసు గడ్డలు కట్టాయి, నీళ్లు చిమ్మాయి, గొట్టాలకు వెండి రేకు చుట్టాయి. ఎన్ని తిప్పలు పడ్డా ఇంజన్‌లోకి వెళ్లే గాలి అరవై డిగ్రీల కిందికి దిగలేదు.

ఆ అరవైతో పద్దెనిమిదేళ్లు కుస్తీ పట్టిన మనిషి ఇందారపు నీలవేణి. భౌతిక శాస్త్రంలో డాక్టరేటు చేసి, యూనివర్సిటీ ఉద్యోగం వదిలి, పాత గని వర్క్‌షాపులో రేసు జట్టు పెట్టింది. పెళ్లికి తీరిక లేదంది. నిద్రకు కూడా లేదని చూసినవాళ్లు అనేవారు. చివరికి ఆమె చేసిన వస్తువు అరచేతి వెడల్పు పొర. పేరు ఉష్ణజల్లెడ.

వేడి అంటే గాలి అణువుల పరుగు. ఒకే గాలిలో కొన్ని అణువులు ఉరుకుతుంటాయి, కొన్ని నింపాదిగా కదులుతుంటాయి. జల్లెడలో కోట్లకొద్దీ సూక్ష్మద్వారాలున్నాయి. నింపాది అణువు వస్తే ద్వారం తెరుచుకుని ఇంజన్‌లోకి పంపుతుంది. ఉరికే అణువును పక్క గొట్టంలోకి మళ్లిస్తుంది. ఈ కాపలాకు బ్యాటరీ నుంచి కొంత కరెంటు ఖర్చవుతుంది. ఇంజన్‌కు మాత్రం తొమ్మిది డిగ్రీల గాలి అందుతుంది.

మరి ఆ మళ్లించిన వేడి? కారు వెనక గొట్టం గుండా బయటికి. నీలవేణి తన నోటుపుస్తకంలో దాని గురించి ఒకే ఒక్క మాట రాసుకుంది: "వాతావరణంలోకి". ఆ వాతావరణంలో ఎవరున్నారో రాసుకోలేదు. తప్పంతా ఆమెదే అనలేం. మేడిగుట్ట జట్లకు దొంగచూపుల భయం ఎక్కువ. కొత్త బండిని గేట్లు మూసి, బాట మీద ఒంటరిగానే పరీక్షిస్తారు. ఒంటరి బండి వెనక ఎవరుంటారు?

మొదటిసారి నడిపి వచ్చిన రోజున డ్రైవర్ ఓదెలు హెల్మెట్ తీస్తూనే నవ్వాడు.

"ఏంది మేడం గిది! గుంజుతుంటే పానం లేచి వస్తున్నది. గీ ఇంజన్ల ఏం పెట్టినవ్?"

"ఏం పెట్టలే. ఉన్న వేడిని తీసిన, గంతే."

తొమ్మిదేళ్లుగా నాలుగో స్థానం దాటని ఓదెలు ఆ ఏడు ముప్పై సెకన్ల తేడాతో గెలిచాడు. నీలవేణి అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది.

మేడిగుట్ట పందేనికి ఒక కట్టుబాటుంది. గెలిచిన బండిని మర్నాడు బజారులో విప్పి, ప్రతి భాగం అందరికీ చూపాలి. నీలవేణి సంతోషంగా విప్పింది, గర్వంగా వివరించింది. మరుసటి ఏడాది పన్నెండు కార్లకూ జల్లెడలు వచ్చాయి.

ఆ పందెంలో చివరి స్థానం నుంచి బయల్దేరింది జనగామ మల్లీశ్వరి. సొంత జట్టు, సొంత బండి, ఇరవై ఎనిమిదేళ్ల వయసు. ఆమె ముందు పదకొండు కార్లు పదకొండు వేడి గొట్టాలు తెరిచి పరుగెత్తాయి. గుంతలో గాలి కదలదు. జల్లెడ జల్లించడానికి నింపాది అణువులు మిగిల్తే కదా! ఇరవై మూడో చుట్టులో ఆమె ఇంజన్ టకటకలాడింది, పిస్టన్ పగిలింది. అప్పటికే ఆ వేడికి మల్లీశ్వరి స్పృహ తప్పింది. కారు గోడను గుద్దుకుంది.

మూడు రోజుల తర్వాత ఆమె కళ్లు తెరిచింది. భుజం ఎముక విరిగింది, చేతులు బొబ్బలెక్కాయి. ఆసుపత్రిలో నీలవేణి మంచం పక్కన కూర్చుని తల ఎత్తలేకపోయింది.

"నా వల్లనే బిడ్డా. గా జల్లెడలు తీపిస్త. నా మాట నమ్ము."

మల్లీశ్వరి ఆమె వేళ్లు గట్టిగా పట్టుకుంది.

పందెపు న్యాయనిర్ణేత మనిషి కాదు, తరాజు అనే యంత్రం. నియమాలు చూసేది, కొలతలు తీసేది, ఓట్లు లెక్కించేది అదే. నీలవేణి దాని ముందు కూర్చుంది.

"గొట్టం పైకి తిప్పితే?"

"గుంతలో పైకి పోయిన వేడి మళ్లీ కిందికే దిగుతోంది. మీరే మూడుసార్లు ప్రయత్నించారు."

"సరే, లెక్క చెప్పు."

"జల్లెడలు లేనప్పుడు పన్నెండు బండ్లకూ అరవై డిగ్రీలు. అందరికీ ఉన్నప్పుడు ముందు బండికి ముప్పై ఎనిమిది, చివరి బండికి తొంభై. సగటు అరవై ఆరు."

"అంటే అందరం కలిసి ముందటి కన్న ఎక్కువ ఉడుకుతున్నం."

"అవును."

"ఒక్క బండే జల్లెడ తీసేస్తే?"

"దానికి నూట పది."

జల్లెడల నిషేధానికి జట్ల సభ పెట్టారు. పన్నెండు జట్లకు పన్నెండు రహస్య ఓట్లు. ఏడు వస్తే నిషేధం. సభలో మాట్లాడిన ప్రతి ఒక్కరూ మల్లీశ్వరి పేరు తలిచారు. గెలిచాక సొంత జట్టు పెట్టుకున్న ఓదెలు అయితే బల్ల గుద్ది మరీ అన్నాడు.

"గెలుపు పాడుగాను. మనిషి పానం కన్న ఎక్కువనా? తీసేద్దాం!"

చప్పట్లు మోగాయి. మల్లీశ్వరి ఓటు ఆసుపత్రి నుంచే తరాజుకు చేరింది. నీలవేణి తన జట్టు ఓటు వేయడానికి తెర వెనక్కి వెళ్లింది.

వేలు "నిషేధం" మీదే పెట్టింది. అక్కడే ఆగింది. పద్దెనిమిదేళ్లు ఈ పొర కోసం ఆమె ఏమేమి వదులుకుందో ఆ సభలో ఎవరికీ తెలియదు. మిగతా పదకొండు మందీ తీసేయమనే అంటున్నారు. నిషేధం ఎలాగూ జరుగుతుంది, జరగాలి కూడా. తన ఒక్క ఓటు జల్లెడ వైపు పడితే నష్టమేముంది? కన్నతల్లిగా ఆ మాత్రం చేయకూడదా? వేలు పక్కకు జరిపి "ఉండనీ" నొక్కింది. మనసు తేలికపడింది.

తరాజు గొంతు సవరించుకోదు, తటపటాయించదు.

"నిషేధానికి అనుకూలం: సున్నా. వ్యతిరేకం: పన్నెండు."

సభలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఓదెలు తన బూట్ల తాళ్లు విప్పి మళ్లీ కట్టుకోవడం మొదలుపెట్టాడు.

నీలవేణి బయటికి నడిచి గుంత అంచున నిలబడింది. సిగ్గుతో చెవులు మండుతున్నాయి. పన్నెండు అంటే పన్నెండూ! చాలాసేపటికి ఆసుపత్రికి ఫోన్ చేసింది.

"మల్లీశ్వరీ... నువ్వు గూడనా?"

"అవ్ మేడం." గొంతు ఇంకా బలహీనంగానే ఉంది.

"సచ్చి బతికినవ్ కదనే! మళ్ల గదే బాటల, గదే వేడిల..."

"అప్పుడు ఎనుక ఉన్న. వచ్చేసారి ముందు ఉంట గద."

నీలవేణి తిట్టాలనుకుంది, కానీ ఏ మొహం పెట్టుకుని తిడుతుంది?

"మేడం, ఒక్క మాట అడుగుత," అంది మల్లీశ్వరి. "నా బండికి జల్లెడ ఇంకింత పెద్దగ చేసిస్తవా?"

కింద ఖాళీ బాట మీద ఎండ పెళపెళలాడుతోంది. నీలవేణి ఆ బాట వైపు ఓసారి చూసింది. తర్వాత సంచిలోంచి నోటుపుస్తకం తీసింది.

"ఎంత పెద్దగ?" అని అడిగింది.