అడగకుండా నడిచిన స్క్రిప్ట్

"ఆ ప్లగిన్ రాసింది నువ్వే కదూ?" అన్నాడు పెద్దాయన.

ఏజెంట్ మిణుగురుకి కాఫీ గొంతుకి అడ్డం పడింది. తుపాకీ గురిపెట్టినా చలించని మనిషి, ఆ చిన్న ప్రశ్నకి కప్పు కింద పెట్టేశాడు.

"అవును సార్. ఫీల్డుకి రాకముందు, మూడేళ్ల కిందట. మన ప్రోగ్రామర్లు కోడ్ రాసుకునే ఎడిటర్‌కి స్క్రిప్టింగ్ లాంగ్వేజ్ సపోర్ట్, అంటే చిన్న చిన్న ప్రోగ్రాంలు అందులోనే నడిపే వీలు, కావాలన్నారు. ఇచ్చాను."

"బ్రహ్మాండంగా ఇచ్చావు! ప్రాజెక్ట్ తెరిస్తే చాలు, అందులో ఉన్న స్క్రిప్ట్‌ని ఎవరినీ అడగకుండా నడిపేస్తోంది. ఆ సంగతి విదేశీ ముఠాకి తెలిసిపోయింది." పెద్దాయన గడియారం చూశాడు. పదీ పది. "నాలుగు వందల మెషీన్లలోకి వాళ్ల స్క్రిప్ట్ దూరిపోయింది. రోజూ పదకొండింటికి అవన్నీ వాటంతటవే ప్రాజెక్ట్ తెరిచి, రైలు సిగ్నళ్ల ప్రోగ్రాం తయారుచేసి స్టేషన్లకి పంపుతాయి. ఇవాళ ఆ స్క్రిప్ట్ చెడగొట్టిన ప్రోగ్రాం పంపాయంటే ఏ రైలు ఏ పట్టాలెక్కుతుందో దేవుడికే తెలియాలి."

"ప్లగిన్ రద్దు చేస్తే?"

"రెండు సంతకాలు కావాలి. రాసినవాడిది, రివ్యూ చేసినావిడది. ఆవిడని పోయినేడు తీసేశాం కదా, చూడకుండా వదిలేసిందని. కంప్యూటర్‌కి గుచ్చి ఆవిడ సంతకం పెట్టే కీ ఇప్పుడు ముఠా ఆఫీసులో ఉంది. అక్కడ మన మనిషి ఒకరున్నారు. కోడ్‌వర్డ్ గుర్తుపెట్టుకో."

అప్పుడే చెప్పేయాల్సింది. చెవులు కాలిపోతుంటే "యస్ సార్" అని లేచాడు. ఇప్పుడు టైము లేదులే అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. శుద్ధ అబద్ధం. మూడేళ్లుగా బోలెడంత టైముంది.

జరిగింది చాలా చిన్న విషయం. ప్లగిన్‌లో మొదట ఒక ప్రశ్న ఉండేది: 'ఈ స్క్రిప్ట్‌ని నడపమంటారా?' పెద్దల ముందు డెమో ఇస్తుంటే అది మాటిమాటికీ ఊడిపడి పరువు తీస్తుందని, ఒక్క వరుస కోడ్‌తో దాని నోరు మూయించాడు. మర్నాడు మళ్లీ పెడదామనుకున్నాడు. మర్చిపోయాడు. రివ్యూ చేయాల్సిన ఆవిడని ఆఫీసంతా భూతద్దం అనేవారు. కామా కూడా వదిలిపెట్టదు. ఇతను మాత్రం నోరారా అక్కా అనేవాడు. "అర్జెంటు అక్కా, సంతకం పెట్టేయ్. నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. ఆ ఒక్కరోజు భూతద్దం చదవకుండా సంతకం పెట్టింది.

పోయినేడు ఏదో స్క్రిప్ట్ తనంతట తాను నడిచి ఒక మెషీన్‌ని తుడిచిపెట్టింది. విచారణ కమిటీ పిలిచింది. "రివ్యూ అయ్యాకే బయటికి వెళ్లింది సార్" అన్నాడు మిణుగురు. అబద్ధం కాదు, అదే అతని తెలివి. ఆమె ఉద్యోగం పోయింది. లోపం సంగతి కొత్త వెర్షన్‌లో చూద్దామన్నారు. ఆ కొత్త వెర్షన్ ఇంకా వస్తూనే ఉంది.

పదీ నలభైకి ఏసీ మెకానిక్ వేషంలో ముఠా ఆఫీసు మూడో అంతస్తు ఎక్కాడు. తలుపు దగ్గర కాపలావాడు స్తంభంలా ఉన్నాడు. టూల్ బాక్సు తెరిపించి చూశాడు. టెస్టర్ లోపల దాచిన, ఫోన్ సిగ్నళ్లని అడ్డుకునే జామర్ వాడి కంట పడలేదు. పోనీ అది పనిచేసిందా అంటే, అదీ లేదు.

సర్వర్ గదిలో నల్లకళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, బూడిదరంగు సూటుతో ఒకావిడ కూర్చుని ఉంది.

"ఫిల్టర్ మార్చి ఎన్నాళ్లయింది మేడమ్?"

"ఏడాది. అడిగినవాళ్లు లేరు."

కోడ్‌వర్డ్ సరిపోయింది. గొంతు విన్నాక మాత్రం మిణుగురు ఆమె మొహంలోకి తొంగి చూశాడు. "అక్కా... నువ్వా?"

"మెల్లగా! ఉద్యోగం పోయిన కడుపుమంటతో వచ్చాననుకుని వీళ్లు నన్ను చేర్చుకున్నారు. పెద్దాయనే పంపాడు. మంట మాత్రం నటించక్కర్లేకపోయింది, తమ్ముడూ." ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పింది. "ఊఁ, కానివ్వు."

రద్దు ఫారం తెరుచుకుంది. 'కారణం' అన్నచోట 'సాంకేతిక లోపం' అని కొట్టి, తన కీతో సంతకం పెట్టాడు.

ఆమె చదివి తిప్పికొట్టింది. "చాలదు."

పదీ యాభై రెండు. 'పొరపాటున ఒక సెట్టింగ్ ఆఫ్‌లో ఉండిపోయింది' అని రాశాడు.

"ఎవరి పొరపాటు? ఉండిపోయిందా, ఉంచారా?" మళ్లీ తిప్పికొట్టింది.

"అక్కా, అవతల రైళ్లు!"

"తెలుసు. నువ్వోసారి నాతో చదవకుండా సంతకం పెట్టించావు. ఇక జన్మలో పెట్టను."

అతనికి చెమటలు పట్టాయి. భయంతో కాదు. ఆ రోజు కమిటీ గదిలోంచి బయటికి వస్తూ ఆమె తనవైపు ఒక్కసారి చూసింది. తను తల దించుకుని షూ లేసు కట్టుకున్నాడు. ముడి ఊడకపోయినా కట్టుకున్నాడు. అది గుర్తొచ్చి ఛీ అనిపించింది. వేళ్లు కదిలాయి.

'ప్రశ్న తీసేసింది నేను. డెమోలో పరువు పోకూడదని తీశాను. నన్ను నమ్మమని బతిమాలి రివ్యూ జరగనివ్వలేదు. కమిటీ ముందు అన్నీ తెలిసీ నోరు మూసుకున్నాను. నా తప్పుకి నా రివ్యూయర్ ఉద్యోగం పోయింది.'

పదీ యాభై తొమ్మిది దాటి నలభై సెకన్లు. ఆమె ఒక్కో వరుస కింద వేలు పెట్టి చదివింది.

"చదవకుండా సంతకం పెట్టడం నా తప్పు. దానికి నేను మోసింది చాలు. మిగతాది నువ్వు మోసుకో." లిప్‌స్టిక్ మూత తీసి, అందులో దాచిన కీని ల్యాప్‌టాప్‌కి గుచ్చింది. రెండు సెకన్లుందనగా తెరమీద పచ్చగా వెలిగింది: 'ప్లగిన్ రద్దయింది.'

పదకొండయింది. నాలుగు వందల మెషీన్లూ ప్రాజెక్ట్ తెరిచాయి. ముఠా స్క్రిప్ట్ నడవలేదు.

"నేను రాయకపోయి ఉంటే?" అన్నాడు మిణుగురు.

"అప్పుడూ సంతకం పెట్టేదాన్నే. రైళ్లలో మనుషులుంటారు కదరా."

చెంప పగలగొట్టినా అంత సిగ్గేసేది కాదు.

స్తంభంలాంటి కాపలావాడు తల లోపలికి పెట్టాడు. "ఏసీ అయిందా?" వాడి వెనక మెట్లమీద పెద్దాయన మనుషుల బూట్ల చప్పుడు అప్పటికే వినిపిస్తోంది.

సాయంత్రం పెద్దాయన పిలిపించాడు. రద్దు చేసిన కారణం అందరి తెరలమీదా కనపడటం ఆ ఎడిటర్ పద్ధతి. "నేను చదివాను. నాలుగు వందల మంది చదివారు. క్యాంటీన్ వంటాయన కూడా చదివాడు" అన్నాడు.

సోమవారం భూతద్దం తన పాత కుర్చీలో కూర్చుంది. ఎదురు కుర్చీలో, ఆర్నెల్లు ఫీల్డు బంద్ అయిన మిణుగురు. ప్లగిన్‌లో ఆ ప్రశ్న మళ్లీ పెట్టే పని అతనిదే. పదకొండు వరుసలు రాసి పంపాడు. ఆమె పద్నాలుగు తప్పులు పట్టింది. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు.