గుడ్డు మీద తేదీ

లంచ్ బెల్ మోగింది. తూనీగ టిఫిన్ బాక్స్ మూత తీసిందో లేదో, పక్కింటి బఠాణీ వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"మా తాతయ్య మంచం దిగాడు తెలుసా? ఇవాళ్టి నుంచి గుడ్డు తినొచ్చన్నాడు డాక్టర్. తాజాది అయితేనేనట. పాడైంది తగిలితే మళ్ళీ ఆసుపత్రే."

తూనీగ చేతిలో స్పూను గాల్లోనే ఆగింది.

"ఎప్పుడు తింటాడు?"

"సాయంత్రం నాలుగింటికి. నువ్వు పొద్దున ఇచ్చినవే. పైన తేదీ కూడా వేశావుగా."

తూనీగ స్పూను బాక్సులో పడేసి మూత పెట్టేసింది.

వాళ్ళ పెరట్లో మూడు కోళ్ళున్నాయి. గుడ్లు ఏరడం, పెన్సిల్‌తో ఆ రోజు తేదీ వేయడం తూనీగ పని. బఠాణీ వాళ్ళ టైలర్ తాతయ్యకి రోజూ రెండు గుడ్లు ఇస్తానని నిన్ననే గొప్పగా మాటిచ్చింది. పొద్దున చూస్తే గూడు ఖాళీ. మొదటి రోజే చేతులూపుకుంటూ వెళ్ళాలా?

అప్పుడే నీళ్ళ డ్రమ్ము వెనక, పాత గోనెసంచి మీద రెండు గుడ్లు కనిపించాయి. గయ్యాళి అని పిలిచే కోడి పనే అది. నిన్న పెట్టిందో, నెల కిందట పెట్టిందో దానికే తెలియాలి. తూనీగ వాటిని తుడిచింది. ఇవాళ్టి తేదీ వేసి ఇచ్చేసింది.

మధ్యాహ్నం క్లాసులో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

"ఏమ్మా, పాఠం గడియారం మీద రాశానా?" అంది టీచర్. పిల్లలు నవ్వారు. తూనీగ నవ్వలేదు. మూడూ పది.

మూడున్నరకి బెల్ కొట్టగానే పరుగు తీసింది.

"ఏయ్, కుక్క తరుముతోందా?" వెనక నుంచి బఠాణీ అరిచాడు.

టైలర్ తాతయ్య ఇంట్లో పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. బఠాణీ వాళ్ళమ్మ గుడ్డును గరిటెలో పెట్టి గిన్నెలోకి దించబోతోంది.

"ఆంటీ, వెయ్యకండి."

తాతయ్య కుట్టుమిషన్ దగ్గర నుంచి తలెత్తాడు. మెడలో టేపు వేలాడుతోంది.

"ఆ తేదీ నిజం కాదు తాతయ్యా. అవి డ్రమ్ము వెనక దొరికాయి. ఎన్నాళ్ళవో నాకు తెలీదు. ఖాళీ చేతులతో రాలేక రాసేశాను."

ఆంటీ మొహం మాడిపోయింది. "ఆయన ఒంట్లో ఎలా ఉందో నీకు తెలుసు కదా?"



తాతయ్య ఒక గిన్నెలో చన్నీళ్ళు తెమ్మన్నాడు. అందులో వేసిన మొదటి గుడ్డు అడుగుకి చేరి పడుకుంది. రెండోది మునిగినట్టే మునిగి, మెల్లగా పైకి తేలింది. తూనీగ వేసిన తేదీ పైకే కనిపిస్తోంది.

"ఇది ఎప్పుడో పాడైంది," అంది ఆంటీ. మొదటిది కూడా పొయ్యి ఎక్కించలేదు.

తాతయ్య తేలిన గుడ్డును గిన్నెలోంచి తీసి పక్కన పెట్టాడు. "నేను గుడ్డ మీద సుద్దతో గీత గీస్తాను. మీ ఆంటీ గీత చూసి కత్తిరిస్తుంది. మళ్ళీ కొలవదు." అంతే అన్నాడు.

"రేపటి నుంచి తేవద్దా తాతయ్యా?"

"తేకపోతే నేనేం తినాలి? మా కోడలి చీవాట్లా?"

మర్నాడు పొద్దున గూట్లో ఒకే గుడ్డు ఉంది. ఇంకా వెచ్చగా ఉంది. తూనీగ దాని మీద తేదీ వేసింది. పూలకుండీల వెనక ఇంకోటి దొరికింది. పెన్సిల్ దాని మీద కాసేపు ఆగింది. తర్వాత "తెలియదు" అని రాసి, విడిగా పెట్టింది. వెచ్చటి గుడ్డు పట్టుకుని తాతయ్య ఇంటికెళ్ళింది.

"తాతయ్యా, ఇవాళ ఒకటే."

బఠాణీ పరిగెత్తుకెళ్ళి గిన్నెలో నీళ్ళు తెచ్చాడు. తాతయ్య గుడ్డు తిప్పి తేదీ చదివాడు. నీళ్ళ గిన్నెను పక్కకి జరిపి, గుడ్డును కోడలి చేతికిచ్చాడు.

"ఉడకబెట్టమ్మా," అన్నాడు.