పేలాల మర మూత

యొంగ్‌సాన్ నది పొంగి సంతలో పడవలు తిరిగిన ఏడాది, చలికాలం. గోడలింకా బురదవాసన కొడుతున్నా ఊళ్లో పెళ్లిచూపులు మాత్రం ఆగలేదు.

మన్‌సోక్‌కి సంతలో పేలాల మర ఉంది. ఇనప గుండులో బియ్యం పోసి, మూత బిగించి, నిప్పుమీద తిప్పుతాడు. లోపలి ఒత్తిడి చూపే ముల్లు పది దగ్గరికి రాగానే "పేలుతోందీ" అని కేకేసి, కడ్డీతో మూత ఎగదంతాడు. ఫిరంగి మోతే. ఆ కేక వినగానే సంతంతా చెవులు మూసుకుంటుంది.

ఆ రోజు హైస్కూల్లో సైన్సు చెప్పే ఇన్‌సుక్ బియ్యం తెచ్చింది. రేపు తనను చూసుకోడానికి బ్యాంకు గుమాస్తా వస్తున్నాడట, పాకం ఉండలకి పేలాలు కావాలట. ఆమె వచ్చినప్పుడల్లా చూడ్డమే తప్ప నోరు విప్పని మన్‌సోక్, గుండు తిప్పుతూ కూర్చున్నాడు. మూత తీస్తే ఆమె వెళ్లిపోతుంది మరి.

"ముల్లు పది దాటింది. చూడండి."

"చూస్తున్నా" అన్నాడు, ఆమెనే చూస్తూ.

ఆమెకి ఒళ్లు మండి, పాఠం మొదలెట్టింది. గాలికి వేడి ఇస్తే కొంత లోపల దాచుకుంటుంది, మిగతాదాంతో ఎదుటిదాన్ని నెట్టి పని చేస్తుంది. మూత బిగిస్తే నెట్టే చోటేదీ? వేడంతా లోపలే. పని సున్నా.

"సున్నా అన్నది నన్నా?"

"గాలిని. మీకూ సరిపోతే నేనేం చెయ్యను?"

"మూత తీస్తే?"

"ఎగిరి నెడుతుంది, చల్లబడుతుంది. మగాళ్లంతా అంతేగా."

"నేను చల్లబడనండి. ఆ గుమాస్తాని రావద్దనండి. నన్ను చేసుకోండి" అంటూ మూత ఎగదన్నాడు.

కేక మర్చిపోయాడు. పక్కనే గుడ్లమ్మే అవ్వ అదిరిపడి తన బుట్టలోనే కూలబడింది. లేచాక మన్‌సోక్ తాతముత్తాతల్ని ఒక్కొక్కర్నీ పేరుపేరునా పలకరించింది.

పేలాలు బొగ్గయ్యాయి. ఇన్‌సుక్ నాలుగు నోట్లో వేసుకుని నమిలి, మొహం చిట్లించలేదు.

"వీటితో ఉండలు కట్టలేం. వచ్చేవాళ్లకేం పెట్టాలో మా నాన్ననే అడగండి. వాళ్లు మధ్యాహ్నం వస్తారు, మీరు పొద్దున్నే రండి."

మర్నాడు తెల్లవారుతూనే మన్‌సోక్ మరను తోపుడుబండి కెక్కించి, వాళ్ల గుమ్మంలో దించి పొయ్యి ముట్టించాడు. ఆవలిస్తూ బయటికొచ్చిన ఆమె తండ్రి చేతికి తిప్పుడు కర్ర అందించి, "కాస్త తిప్పుతూ ఉండండి మామగారూ, మీతో మాట్లాడాలి" అన్నాడు.