గిల్లంతోట గేటు కాపలా

మా ఎస్టేటు పేరు స్కాట్లాండులో ఏదో పల్లెటూరిది. గ్లెన్‌టర్రిక్. సముద్రం దాటి ఈ దేశానికి కూలికొచ్చిన మా ముసలోళ్ళకి నోరు తిరక్క గిల్లంతోట అన్నారు, అదే మిగిలింది. మొదట వచ్చిన దొరకి సొంత ఊరి మీద బెంగ. అక్కడున్నట్టే ఇక్కడా రాతి వంతెన కట్టించాడు, గంట స్తంభం కట్టించాడు, ఆఖరికి మా శ్మశానానికి కూడా రాతి గేటు పెట్టించాడు. రబ్బరు చెట్లు కొట్టేసి పామాయిలు వేసినా, తర్వాత మమ్మల్నందరినీ టౌన్లకి తోలేసినా, ఆ గేటు మాత్రం కదల్లేదు.

గేటుతోపాటు ఆ ఊరి కట్టడి ఒకటి కూడా తెచ్చాడట మహానుభావుడు. కడపట పూడ్చిన మనిషే గేటు కాయాలి. తర్వాతి శవం వచ్చేదాకా వాళ్ళకి విడుదల లేదు. మనవాళ్ళు ఊరుకుంటారా? దాన్ని పెరట్టుతో కలిపేశారు. పెరట్టు అంటే పొద్దున్నే పనికి పోయే ముందు పేర్లు పిలవడం. ఎవర్నైనా పూడ్చాక పెద్దాయన ఒకడు గేటు ముందు నిలబడి, "పోలయ్యా, నువ్వు దిగు. కొత్త మనిషి వచ్చినాడు" అని కొత్త పేరు పిలిచేవాడు. బతికున్నోళ్ళు నోరు మెదపకూడదు. లోపల్నించి చిన్న చప్పుడేదో వచ్చేది. అప్పుడు ఇళ్ళకి పోయేవాళ్ళం.

అక్కడ కడపట పూడ్చింది మా నాన్న పైడయ్యని. తర్వాత ఎస్టేటు మూసేశారు. టౌన్లో పోయినోళ్ళందరినీ కాల్చడమే. మా అమ్మ కూర్మమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట. "మీ నాన్న ఇంకా నిలబడే ఉన్నాడే పుష్పా. కాళ్ళు పీకేస్తుంటాయి. నన్ను అక్కడే పెట్టండే."

ఎక్కడ పెడతాం? ఆ నేల ఇళ్ళు కట్టేవాళ్ళకి అమ్మేశారు, పూడ్చనివ్వలేదు. తెలుక్ ఇంటాన్ టౌన్లో కాల్చి బూడిద సముద్రంలో కలిపేశాం. నాకు ఏడుపు కూడా రాలేదు. లోపలంతా తిమ్మిరెక్కినట్టుంది.

పెద్దకర్మ అయిన మర్నాడు తమ్ముడు శ్రీకుమార్, ఈ దేశంలో అందరిలాగే మాట చివర 'లా' తగిలించి అన్నాడు, "మనిషి లేకపోతే పేరైనా పిలుద్దాం లా అక్కా. నాన్నని దింపేద్దాం."

సాయంత్రం కారులో పోయాం. వాన అప్పుడే వెలిసింది. పామాయిలు చెట్ల కింద అప్పటికే మసక చీకటి. తడి మట్టి వాసన, కుళ్ళిన గెలల వాసన. గేటు రాళ్ళకి నాచు పట్టి ఉంది.

నేనే పిలిచాను. "నాన్నా... పైడయ్యా... నువ్వు దిగు. కూర్మమ్మా..."

చప్పుడు లేదు.

"కూర్మమ్మా..."

కప్పలు అరుపు ఆపేశాయి. ఆకుల మీంచి నీళ్ళు కారడం కూడా ఆగిపోయింది. తమ్ముడి మొహం చూశాను. కన్నీళ్ళు కారిపోతున్నాయి. పెరట్టులో మావాళ్ళకో అలవాటుండేది. ఒంట్లో బాగోక ఎవరైనా రాకపోతే, పాపం కూలి పోతుందని పక్కవాళ్ళు పలికేసేవాళ్ళు.

"కూర్మమ్మా..."

"ఉన్నానండీ," అన్నాడు తమ్ముడు.

"ఒరే! నువ్వెందుకురా పలికినావు?" అన్నాను.

"అమ్మ బదులు లా అక్కా..."

గేటు లోపల ఎవరో దగ్గారు. అడుగులు... నెమ్మదిగా... కాళ్ళీడ్చుకుంటూ మా ఇద్దరి మధ్యనుంచి బయటికి వచ్చాయి. మనిషి కనపడలేదు. పుల్లటి రబ్బరు పాల వాసన. మా నాన్న చొక్కా వాసన. అయ్యో నాన్నా, అనుకున్నాను. సంతోషం వేసింది, నిజంగా. ఆ వాసన రోడ్డుదాకా పోయి ఆగిపోయింది.

పదరా, అన్నాను తమ్ముడితో. కదల్లేదు. గేటుకి వీపు పెట్టి రోడ్డుకేసి చూస్తున్నాడు. చెయ్యి పట్టుకుంటే మంచులా చల్లగా ఉంది. ఎలాగో లాక్కొచ్చి కారులో పడేశాను.

అప్పట్నించి వాడు పనికి పోవడం లేదు. తన ఇంటి గుమ్మంలో నిలబడి ఉంటాడు. పగలూ రాత్రీ. డాక్టర్లు చూశారు, గుడి పూజారి చూశాడు. వాడి పెళ్ళాం మోహనప్రియ రోజూ ఫోన్ చేసి ఏడ్చేది. ఈమధ్య ఏడవడం మానేసింది. ఫోనూ మానేసింది.

నిన్న శ్మశానం గేటు పడగొట్టేశారని తెలిసింది. హమ్మయ్య, తమ్ముడు బతికిపోయాడు అనుకుని పరుగున వెళ్ళాను. గుమ్మంలోనే ఉన్నాడు.

"ఒరే శ్రీకుమార్, గేటు కొట్టేసినారు. ఇంకా ఏటి కాస్తావు? లోపలికి పోదాం రా."

"గేటు పోతే లోపలోళ్ళు ఎక్కడికి పోతారక్కా?" అన్నాడు మెల్లగా. పక్కకి జరిగి నాకు దారిచ్చాడు.

హాల్లో మోహనప్రియ వంగి అన్నం వడ్డిస్తోంది. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. గోడ పొడుగునా, వంటింటి దాకా, అరిటాకులు వేసి ఉన్నాయి. వాటి ముందు ఎవరూ లేరు.

"ఎవరికే ఇదంతా?"

తల ఎత్తలేదు. "చూసుకుని రా వదినా... కూర్చుని ఉన్నారు."

కొన్ని ఆకుల్లో అన్నం అప్పటికే కలిపి ఉంది.